ఏజీ ఆఫీసులో బాలచందర్

(ఒక ఫిల్మ్ క్లబ్ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

కె. బాలచందర్ అనగానే మనవాళ్ళకి విశాఖ సముద్రం గుర్తొస్తుంది. మరోచరిత్ర, అంతులేని కథ, ఆకలిరాజ్యం. ఇక్కడున్నవాళ్ళలో చాలామందికి వాటిలో డైలాగులు నోటికొచ్చు. అందుకే ఇవాళ నేను వాటి జోలికి పోను. అంతకుముందు బాలచందర్ గురించి చెప్తాను. ఆయన పుట్టింది 1930 జూలై 9న. మొదటి సినిమా డైరెక్ట్ చేసింది 1965లో. అంటే అప్పటికి ముప్ఫై అయిదేళ్ళు. అప్పటిదాకా ఏ స్టూడియోలోనూ క్లాప్ కొట్టలేదు. ఏ పెద్ద డైరెక్టర్ వెనకా స్క్రిప్టు ఫైలు పట్టుకుని తిరగలేదు. మద్రాసు అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో, అంటే ఏజీ ఆఫీసులో, గుమాస్తాగా చేరి సూపరింటెండెంట్ దాకా వెళ్ళారు.

ఆయన మీద రాసినవాళ్ళు చాలామంది ఈ పదిహేనేళ్ళని ఒక్క వాక్యంలో దాటేస్తారు. 'ఉద్యోగం చేస్తూనే నాటకాలు వేసేవారు' అని రాసి, నేరుగా రజనీకాంత్, కమల్ హాసన్ల దగ్గరికి వెళ్ళిపోతారు. నా ఉద్దేశంలో ఆయన సినిమా అంతా ఆ ఒక్క వాక్యంలోనే తయారైంది. మంచీ అక్కడే, చెడూ అక్కడే.

ఊరు నన్నిలం. అప్పట్లో తంజావూరు జిల్లా, ఇప్పుడు తిరువారూరు జిల్లా. కావేరి డెల్టా. తండ్రి కైలాసం గ్రామాధికారి. అంటే ఆ ఇంట్లో భూమి లెక్కలు, శిస్తు లెక్కలు రోజూ నడిచేవన్నమాట. కుర్రాడికి మాత్రం ఎనిమిదో ఏటనుంచే సినిమా పిచ్చి. గాయక నటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్ తమిళనాడుని ఊపేస్తున్న కాలం అది. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆ పిచ్చి నాటకం వైపు మళ్ళింది. చిదంబరం వెళ్ళి అన్నామలై యూనివర్సిటీలో బీఎస్సీ జువాలజీ చదివారు. 1949లో డిగ్రీ చేతికొచ్చింది. అక్కడ కూడా నాటకాలే. కొన్నాళ్ళు ముత్తుపేటలో బడిపంతులుగా పనిచేశారు. 1950లో మద్రాసు చేరి ఏజీ ఆఫీసులో కుదురుకున్నారు. జువాలజీకీ ఆడిట్‌కీ ఏం సంబంధం అని అడక్కండి. ఆ రోజుల్లో డిగ్రీ అంటే గవర్నమెంటు ఉద్యోగానికి టికెట్టు, సబ్జెక్టు ఏదైనా ఒకటే. (నవ్వులు)

ఏజీ ఆఫీసు గురించి కాస్త చెప్పాలి. రాష్ట్ర ప్రభుత్వం పెట్టే ప్రతి పైసా ఖర్చుకీ లెక్క చూసే చోటది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా మన జిల్లాల పద్దులు కూడా మద్రాసులోనే తేలేవి. వందలమంది చదువుకున్న కుర్రాళ్ళు ఒకే కప్పు కింద కూర్చుని వోచర్లు తిరగేస్తుంటారు. పనిలో కొత్తదనం ఉండదు. కానీ సాయంత్రం అయిదింటికి సెలవు. నెల మొదట్లో జీతం ఖాయం. కళలకి ఇంతకన్నా మంచి నేల ఎక్కడ దొరుకుతుంది? మన హైదరాబాద్ ఏజీ ఆఫీసునే తీసుకోండి, అక్కడి ఉద్యోగుల 'రంజని' తెలుగు సాహితీ సమితి కథలకీ కవితలకీ ఎంత పేరు తెచ్చిందో మీకు తెలుసు. దేశంలో ఆడిట్ ఆఫీసుల్లోంచి ఇంతమంది రచయితలు ఎందుకొచ్చారో ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండు. అంకెలతో విసిగిపోయి అక్షరాల్లోకి దూకారేమో.

ఇక మద్రాసు సభల సంగతి. సంగీత సభలంటే మనకి డిసెంబరు కచేరీలే గుర్తొస్తాయి. 50ల్లో, 60ల్లో ఆ సభలు నాటకాలకీ పెద్ద ఆసరా. మైలాపూరు, ట్రిప్లికేన్, టీ నగర్, మాంబళం, ఎక్కడ చూసినా సభలే. సభ్యులు చందా కడతారు. నెలకి ఇన్ని కార్యక్రమాలని సభవాళ్ళు ఏర్పాటు చేస్తారు. వచ్చేది ఆఫీసు ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాలు. నాటకం బాగుంటే ఇంకో సభ సెక్రటరీ పిలుస్తాడు, అక్కణ్ణుంచి మరో సభ. బాగోలేదా, రెండో ప్రదర్శన ఉండదు. విమర్శకుడి రివ్యూ కోసం ఎదురుచూసే పనే లేదు, సెక్రటరీగారి మొహం చూస్తే చాలు.

ఈ సభల్లో ఆడేవాళ్ళలో ఎక్కువమంది అమెచ్యూర్లు. పగలు ఆఫీసు, సాయంత్రం రిహార్సల్. టీకేఎస్ సోదరుల్లాంటి వృత్తి నాటక సమాజాల దగ్గర పెద్ద పెద్ద సీనరీలు, రాజుల కథలు, పురాణాలు ఉండేవి. వీళ్ళ దగ్గర అంత డబ్బెక్కడిది? ఒక సోఫా, ఒక టేబులు, వెనక ఒక తలుపు. అదే ఇల్లు, కావాలంటే అదే ఆస్పత్రి. బాలచందర్ మొదట వై.జి. పార్థసారథిగారి యునైటెడ్ అమెచ్యూర్ ఆర్టిస్ట్స్‌లో చేరారు. తరవాత సొంతంగా రాగిణి రిక్రియేషన్స్ పెట్టుకున్నారు. నాగేష్, శ్రీకాంత్, మన షావుకారు జానకిగారు, వీళ్ళంతా ఆ బృందంతో ఆడినవాళ్ళే. జానకిగారు రాజమండ్రి అమ్మాయి. అప్పటికే సినిమాల్లో పెద్ద పేరున్న నటి. అలాంటావిడ సాయంత్రం పూట సభ నాటకానికి వచ్చి వేషం వేసేవారంటే, ఆ నాటకాలకి ఎంత గౌరవం ఉండేదో ఊహించండి.

అక్కడ రాసిన వాటిలో ఒక్కదాని గురించి వివరంగా చెప్తాను. 'మేజర్ చంద్రకాంత్'. ముందే ఒక మాట. 1993లో ఎన్టీఆర్‌గారు చేసిన మేజర్ చంద్రకాంత్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పేరొక్కటే. (నవ్వులు) ఈ నాటకం మొదట ఇంగ్లీషులో రాశారు, ఏజీ ఆఫీసు ఉద్యోగులు ఆడటం కోసం. తరవాత అందరికీ చేరాలని తమిళంలోకి తెచ్చారు.

కథ ఇదీ. రిటైరైన మేజర్ ఒకాయన. చూపు లేదు. నీతి, న్యాయం అంటే ప్రాణం. పెద్దకొడుకు పోలీసు ఇన్‌స్పెక్టర్. చిన్నకొడుకు ఒక అమ్మాయిని ప్రేమ పేరుతో మోసం చేస్తాడు, ఆమె ప్రాణం తీసుకుంటుంది. ఆమె అన్న ఒక దర్జీ. కోపం పట్టలేక ఆ మోసగాణ్ణి చంపేసి, పోలీసుల నుంచి పారిపోతూ ఒక ఇంట్లో దూరతాడు. అది మేజర్‌గారి ఇల్లే. చనిపోయింది తన కొడుకని మేజర్‌కి తెలీదు. తాను చంపింది ఈ పెద్దాయన కొడుకునని దర్జీకీ తెలీదు. వెతుక్కుంటూ వచ్చే ఇన్‌స్పెక్టరేమో ఆ ఇంటి పెద్దకొడుకు.

ఇప్పుడు దీన్ని రాసినవాడి కళ్ళతో చూడండి. చేతిలో ఉన్నది ఒకే ఒక గది. డబ్బు లేదు. హత్య చూపించలేడు, ఛేజింగ్ చూపించలేడు. అందుకని ముఖ్యపాత్రకి చూపు లేకుండా చేశాడు. దాంతో ఏమైంది? మేజర్ చూడలేనిదంతా ప్రేక్షకుడు చూస్తుంటాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహంలో భయం మనకి కనపడుతుంది, మేజర్‌కి గొంతు మాత్రమే వినపడుతుంది. ఒక్క సెట్టు మార్చకుండా హాలు మొత్తాన్ని టెన్షన్‌లో పెట్టాడు. లేమిలోంచి పుట్టిన టెక్నిక్ ఇది. ఆయన్ని డైలాగ్ డైరెక్టర్ అని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు ఈ ఒక్క నాటకం నిర్మాణం చూస్తే చాలు.

ఈ నాటకం ఎంత దూరం ప్రయాణించిందో కూడా చెప్పాలి. 1965లో ఫణి మజుందార్ దీన్ని 'ఊంచే లోగ్' పేరుతో హిందీలో తీశారు, అశోక్ కుమార్ మేజర్. 1966లో ఏవీఎం స్టూడియో వాళ్ళకి బాలచందరే తమిళంలో తీశారు. మేజర్ వేషం వేసిన సుందరరాజన్‌గారు ఆ తరవాత జీవితాంతం 'మేజర్' సుందరరాజన్ అయిపోయారు. 1968లో తెలుగులో వచ్చింది. ఏ సినిమా చెప్పండి? (సభలోంచి: సుఖదుఃఖాలు!) అదే. మేజర్‌గా ఎస్వీ రంగారావుగారు. 'ఇది మల్లెల వేళయనీ' పాట వినని తెలుగువాడు ఉండడు. ఆ పాట వెనకున్న కథ మద్రాసు ఏజీ ఆఫీసులో పుట్టిందని మాత్రం చాలామందికి తెలీదు.

ఇంకో సంగతి. నాటకంలో ఆ ఇద్దరు కొడుకుల పేర్లు శ్రీకాంత్, రజనీకాంత్. 1975లో 'అపూర్వ రాగంగళ్' తీసేటప్పుడు శివాజీరావు గైక్వాడ్ అనే కుర్రాడికి తెర పేరు కావాల్సి వచ్చింది. అప్పటికే శివాజీ అంటే శివాజీ గణేశన్‌గారు ఉన్నారు. బాలచందర్ తన పాత నాటకంలోంచి పేరు తీసి ఇచ్చారు. కోట్లమంది అరిచే ఆ పేరు, కథలో మాత్రం అమ్మాయిని మోసం చేసి హత్యకి గురైన చిన్నకొడుకుది.

సరే, సినిమాలోకి ఎలా వచ్చారు? ఇష్టపడి రాలేదు. 1964లో ఎంజీఆర్ సినిమా 'దైవత్తాయ్'కి మాటలు రాయమని అడిగారు. నిర్మాత ఆర్.ఎం. వీరప్పన్. ఆఫీసులో అప్పుడప్పుడే సూపరింటెండెంట్‌గా ప్రమోషన్ వచ్చింది. నాటకాలు బాగా నడుస్తున్నాయి. ఈయనకి మనసొప్పలేదు. స్నేహితులు బలవంతం చేస్తే ఒప్పుకున్నారు. ఆ తరవాత ఎంజీఆర్‌ని ఆయన ఎన్నడూ డైరెక్ట్ చేయలేదు. శివాజీ గణేశన్‌తో కూడా చేసింది ఒకే ఒక్క సినిమా, 1970లో 'ఎదిరొలి'. అది ఆడలేదు. ఆ కాలంలో ఆ ఇద్దరూ లేకుండా తమిళ సినిమాలో నిలబడటం మాటలు కాదు.

మరి ఎవరితో నిలబడ్డారు? నాగేష్‌తో. నాగేష్ కూడా ఒకప్పుడు రైల్వేలో గుమాస్తానే. బక్కపలచని మనిషి, మొహం నిండా మశూచి మచ్చలు. హీరోకి ఉండాలని జనం అనుకునేవేవీ లేవు. ఆయన కోసం బాలచందర్ రాసిన నాటకం 'సర్వర్ సుందరం'. హోటల్లో టిఫిన్లు అందించే కుర్రాడు సినిమా స్టార్ అవుతాడు, కానీ ప్రేమించిన అమ్మాయి దక్కదు. ఏవీఎం మెయ్యప్పన్‌గారు హక్కులు కొంటే, 1964లో కృష్ణన్-పంజు దర్శకత్వం వహించారు. జాతీయ అవార్డుల్లో యోగ్యతా పత్రం కూడా వచ్చింది. స్టూడియో ఫ్లోర్ మీద పాట ఎలా రికార్డు చేస్తారో, షూటింగ్ ఎలా జరుగుతుందో ఆ సినిమాలో సరదాగా చూపిస్తారు. సంగీత దర్శకుడు ఎమ్మెస్ విశ్వనాథన్ స్వయంగా తెర మీద కనిపించి ఆర్కెస్ట్రా నడిపిస్తారు. సినిమాని అప్పటిదాకా బయటనుంచి చూసిన మనిషికే ఆ లోపలి సంగతి అంత వింతగా కనపడుతుందని నాకనిపిస్తుంది.

1965లో డైరెక్టర్ అయ్యారు. 'నీర్‌కుమిళి', నిర్మాత ఎ.కె. వేలన్. ఇదీ సొంత నాటకమే, హీరో నాగేషే. సంగీతం వి. కుమార్, ఆయన కూడా నాటకాల నుంచి వచ్చినవారే. కథ దాదాపు మొత్తం ఒక ఆస్పత్రిలో జరుగుతుంది. నవ్విస్తూ తిరిగే రోగి, ఆ రోగం తగ్గదని మనకి తెలుస్తుంటుంది. కొత్త డైరెక్టర్‌కి నిర్మాత ఎంత ఇస్తాడు? ఆస్పత్రి వార్డు ఒకటి వేస్తే సినిమా అయిపోతుంది. సభ స్టేజీ మీద నేర్చుకున్న పొదుపు ఇక్కడ పనికొచ్చింది.

కానీ స్టేజీ అలవాట్లు కొన్ని వదల్లేదు, అదీ చెప్పాలి. తొలి సినిమాల్లో మనుషులు వరసగా నిలబడి మాట్లాడతారు. వెనక వరసలో ఉన్నవాడికి వినపడాలన్నట్టు మాట్లాడతారు. గదిలోంచి వెళ్ళేవాడు తలుపు దగ్గర ఆగి, ఒక పంచ్ విసిరి, అప్పుడు వెళ్తాడు. సభలో ఆ మాటకి చప్పట్లు పడేవి, సినిమాలో అది ఒక్కోసారి చిరాకు పుట్టిస్తుంది. పాత్రలన్నీ ఒకేలా తెలివిగా మాట్లాడతాయి. ఆడవాళ్ళ త్యాగాల మీద ఆయనకున్న మోజు కూడా అక్కడిదే. కళ్ళు తుడుచుకుంటూ ఇంటికెళ్ళే ప్రేక్షకురాలే సభకి మళ్ళీ వచ్చే సభ్యురాలు.

ఇంకోపక్క, ఆఫీసు ఆయనకి ఇచ్చినది చూడండి. 1967లో 'భామా విజయం'. ముగ్గురు కోడళ్ళున్న మధ్యతరగతి ఉమ్మడి కుటుంబం. పక్కింట్లోకి సినిమా నటి అద్దెకి దిగుతుంది. ఆవిడ ముందు గొప్పగా కనపడాలని ముగ్గురూ అప్పులు చేసి ఇంట్లో సామాను నింపుతారు. అందులో కణ్ణదాసన్ రాసిన పాట తమిళంలో సామెతలా నిలిచిపోయింది: రాబడి ఎనిమిదణాలు, ఖర్చు పదణాలు! ఆడిట్ ఆఫీసులో పద్దులు చూసిన మనిషి కథకి ఇంతకన్నా తగిన పాట ఉంటుందా? మరుసటి ఏడే ఇది 'భలే కోడళ్ళు'గా తెలుగులో వచ్చింది. డైరెక్టర్ ఆయనే. తెలుగులో ఆయన తొలి అడుగులు ఇవే, మరోచరిత్రకి పదేళ్ళ ముందు. 1969లో చలంతో 'సత్తెకాలపు సత్తెయ్య' చేశారు. 1971లో 'బొమ్మా బొరుసా'. మనవాళ్ళు ఆ సినిమాలు చూస్తారు, నవ్వుకుంటారు, డైరెక్టర్ ఎవరో మాత్రం గుర్తుపెట్టుకోరు.

ఆ రోజుల సినిమాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 1968లో వచ్చిన 'ఎదిర్ నీచ్చల్'. ఇదీ నాటకమే. బోలెడు కుటుంబాలు అద్దెకుండే ఒక లోగిలి. మెట్ల కింద బతికే అనాథ కుర్రాడు నాగేష్. అందరి ఇళ్ళల్లో పనులు చేస్తాడు, వాళ్ళు పెట్టింది తింటాడు, చదువుకుంటాడు. ఆ లోగిట్లో ఒక తాత ఉంటాడు. సినిమా మొత్తంలో ఆయన ఒక్కసారి కూడా కనపడడు. దగ్గు మాత్రం వినపడుతుంది. అందరూ ఆయన గురించి మాట్లాడతారు, ఆయన దగ్గుతో జవాబిస్తాడు. నాటకం వేసేవాడి మెదడు ఎలా పనిచేస్తుందో దీన్ని మించి చూపించలేం. ఒక నటుడి ఖర్చు మిగిలింది, జనానికి పదికాలాలు గుర్తుండే పాత్ర పుట్టింది. తెలుగులో దీన్నే చలంగారితో 'సంబరాల రాంబాబు'గా తీశారు, 'మామా చందమామా' పాట ఉన్న సినిమా. దర్శకుడు వేరే, సంగీతం మాత్రం వి. కుమారే.

1969లో 'ఇరు కోడుగళ్'. కథ జోసెఫ్ ఆనందన్ నాటకం. కలెక్టరు ఆఫీసులో ఒక గుమాస్తా, జెమినీ గణేశన్. కొత్తగా వచ్చిన కలెక్టర్ ఎవరంటే, ఒకప్పుడు తను విడిచిపెట్టిన మొదటి భార్య. ఆ వేషం జానకిగారిది. ఇంట్లో రెండో భార్యకి ఇదేమీ తెలీదు. పొద్దున్నే ఫైలు పట్టుకుని వెళ్ళి 'మేడమ్' అని నిలబడాలి. పదిహేనేళ్ళు పై అధికారి గది బయట నిలబడ్డ అనుభవం ఉన్నవాడికి ఈ ఇబ్బందిలో ఎన్ని పొరలున్నాయో తెలుస్తుంది. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. తెలుగులో జమునగారితో 'కలెక్టర్ జానకి' ఇదే. పని చేసే ఆడది, ఆమె జీతం, ఆమె కుర్చీ, వాటివల్ల ఇంట్లో వచ్చే గొడవలు. అంతులేని కథ దాకా సాగిన ఈ దారికి మొదలు ఇక్కడుంది.

ఆ సాయంకాలపు నాటకాల మీద ఆయనకి నమ్మకం చివరిదాకా పోలేదనడానికి మనవైపు నుంచే ఒక సాక్ష్యం ఉంది. పదేళ్ళ తరవాత నేరుగా తెలుగులో మరోచరిత్ర తీసేటప్పుడు మాటలకి ఎవర్ని పెట్టుకున్నారు? గణేష్ పాత్రోగారిని. విశాఖ ప్రాంతపు నాటక రచయిత. ఆకలిరాజ్యానికీ ఆయనే, రుద్రవీణకీ ఆయనే. స్టేజీ మీద దెబ్బలు తిన్నవాడి కలానికి బాలచందర్ దగ్గర ఎప్పుడూ చోటుండేది.

1973లో 'అరంగేట్రం' వస్తుంది. కుటుంబాన్ని పోషించడానికి ఒళ్ళమ్ముకునే బ్రాహ్మణ అమ్మాయి కథ, పెద్ద గొడవైంది. అక్కణ్ణుంచి బాలచందర్ వేరే మనిషి, నాగేష్ నవ్వులు వెనక్కి తగ్గిపోతాయి. అది మరో రోజు మాట్లాడుకోవాల్సిన సంగతి. హాలు ఎనిమిదింటికి ఖాళీ చేయాలట, సెక్రటరీగారు చూపుల్తోనే చెప్తున్నారు. (నవ్వులు) ప్రశ్నలుంటే అడగండి.